పాత అమెరికన్ కార్లలో వాక్యూమ్ యాంటెన్నా లేవట్లేదా? ఎక్కడ వెతకాలంటే

నేను ఉండేది మిషిగన్‌లో. మా వీధి చివర ఒక పెద్దాయన దగ్గర 1947 క్యాడిలాక్ ఉంది, 346 క్యూబిక్ అంగుళాల ఫ్లాట్‌హెడ్ వి8 ఇంజిన్, 6 వోల్టుల బ్యాటరీ. తీరిక దొరికిన ఆదివారాలు ఇద్దరం దాని మీద పని చేస్తూ ఉంటాం. ఆ కారు మడ్‌గార్డు మీదున్న రేడియో యాంటెన్నాకి మోటారు లేదు. ఇంజిన్ గాలి పీల్చే బలంతోనే పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. 1940ల్లో క్యాడిలాక్, ప్యాకార్డ్, లింకన్ లాంటి ఖరీదైన కార్లలో ఇది గొప్ప సౌకర్యం. తర్వాత ఎలక్ట్రిక్ మోటారు యాంటెన్నాలు రావడంతో మరుగున పడిపోయింది. ఇప్పుడు ఇలాంటి కారు చేతికొచ్చిన వాళ్లలో చాలామంది ఇది పని చేయకపోతే తీసేసి మోటారుది పెట్టేస్తారు, లేదంటే మాస్ట్‌ని (పైకి లేచే కడ్డీని) చేత్తో లాగి అలాగే వదిలేస్తారు. నాకు అది నచ్చదు. నిజానికి ఇందులో బాగు చేయలేని భాగాలు చాలా తక్కువ, ఎక్కడ తేడా ఉందో కనిపెట్టడమే అసలు పని.

మేము మొదట చేసిన తప్పు ముందే చెప్తాను. యాంటెన్నా లేవట్లేదని మడ్‌గార్డు కింద నుంచి మొత్తం ఊడదీసి, లోపల తోలు వాషర్లు మార్చి, రెండు ఆదివారాలు కష్టపడి మళ్లీ బిగించాం. అయినా లేవలేదు. తప్పు యాంటెన్నాలో లేనే లేదు, డ్యాష్‌బోర్డు కింద వాల్వులో సూది మొనంత రంధ్రం మూసుకుపోయింది. అందుకే ఈ రాసేదంతా ఒకే వరసలో ఉంటుంది: ముందు ఇంజిన్, తర్వాత హోసులు, తర్వాత వాల్వు, అన్నిటికన్నా చివర యాంటెన్నా.

పని చేసే తీరు

సైకిల్ పంపు తెలుసు కదా, దాన్ని తిరగేసి ఊహించుకోండి. మడ్‌గార్డు లోపల ఒక పొడవాటి ఇత్తడి గొట్టం, అందులో తోలు వాషర్లున్న పిస్టన్, పిస్టన్‌కి అతుక్కుని పైకి వచ్చే మాస్ట్. గొట్టం పై చివర ఒక హోస్, కింది చివర ఒక హోస్. రెండూ డ్యాష్‌బోర్డు దగ్గరున్న చిన్న వాల్వుకి వెళ్తాయి, ఆ వాల్వు నుంచి మూడో హోస్ ఇంజిన్ ఇన్‌టేక్ (ఇంజిన్ గాలి పీల్చుకునే దారి) వైపు వెళ్తుంది. వాల్వు నాబ్‌ని పైకి అనే వైపు తిప్పితే గొట్టం పై భాగంలోని గాలిని ఇంజిన్ పీల్చేస్తుంది, కింది భాగంలోకి వాల్వు రంధ్రం గుండా బయటి గాలి వస్తుంది, ఆ బయటి గాలే పిస్టన్‌ని పైకి తోస్తుంది. దిగేటప్పుడు ఇదే తలకిందులు. అంటే ప్రతి కదలికకీ రెండు పనులు జరగాలి, ఒక వైపు గాలి పోవాలి, రెండో వైపు గాలి రావాలి. చాలామంది మొదటిదే చూస్తారు, రెండోది మర్చిపోతారు.

ఎంత బలం వస్తుందో ఒకసారి లెక్క కట్టండి. ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడుస్తున్నప్పుడు) 18 అంగుళాల వాక్యూమ్ (పాదరసం అంగుళాల్లో కొలిచేది) ఇస్తుంటే అది చదరపు అంగుళానికి 9 పౌండ్ల లోపే. గొట్టం లోపలి వ్యాసం ముప్పావు అంగుళం అనుకుంటే పిస్టన్ మీద పడే తోపు మొత్తం 4 పౌండ్లు కూడా ఉండదు, 1.8 కిలోల లోపే. ఇంత తక్కువ బలంతో నడిచే వస్తువు కాబట్టి మాస్ట్ మీద కాస్త మకిలి పట్టినా, ఎక్కడో సన్నటి లీకున్నా ఆగిపోతుంది.

కావాల్సినవి: ఒక వాక్యూమ్ గేజ్, చేత్తో నొక్కే వాక్యూమ్ పంపు, లగేజీ తూచే కాటా, మల్టీమీటరు, ఆముదం, కొత్త హోస్ పైపు.

యాంటెన్నా అసలు కదలట్లేదు

ఇంజిన్ నడుస్తోందా? అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఇంజిన్ ఆపేస్తే వాక్యూమ్ ఉండదు, యాంటెన్నా కదలదు, అది తప్పు కాదు, దాని స్వభావమే అంత. షెడ్డులో పెట్టేటప్పుడు ముందు యాంటెన్నా దించి, తర్వాత ఇంజిన్ ఆపడం అలవాటు చేసుకోవాలి. అలాగే యాక్సిలరేటర్ బాగా తొక్కినప్పుడు ఇన్‌టేక్‌లో వాక్యూమ్ దాదాపు సున్నాకి పడిపోతుంది కాబట్టి ఎత్తు ఎక్కుతూ నాబ్ తిప్పితే ఏమీ జరగదు. ఆ కాలం కార్లలో వైపర్లు కూడా ఈ వాక్యూమ్‌తోనే తిరిగేవి, అవీ ఎత్తు మీద ఇలాగే నీరసపడేవి. వైపర్లు కూడా నీరసంగా ఉన్నాయంటే యాంటెన్నా జోలికి పోకండి, తేడా ఇంజిన్ వైపే ఉండొచ్చు.

ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో గేజ్ పెట్టి చూడండి. సముద్ర మట్టానికి దగ్గరి ఊళ్లలో 17 నుంచి 21 అంగుళాల మధ్య ముల్లు కదలకుండా నిలబడితే ఇంజిన్ బాగున్నట్టే. ఎత్తు ప్రాంతాల్లో ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తున ఉంది, అక్కడ 14, 15 చూపిస్తే కంగారు పడక్కర్లేదు, కానీ ఆ మేరకు యాంటెన్నా నెమ్మదిగానే లేస్తుంది. ముల్లు తక్కువలో స్థిరంగా ఉంటే ఇన్‌టేక్ దగ్గర గాలి లీకు గానీ, ఇగ్నిషన్ టైమింగ్ ఆలస్యంగా ఉండటం గానీ కారణం కావచ్చు. ముల్లు ఒకే లయలో కొట్టుకుంటుంటే ఇంజిన్ వాల్వుల్లో ఏదో పట్టేస్తోందని చూడాలి. ఇవి బాగు చేయకుండా యాంటెన్నా విప్పడం దండగ.

ఇంజిన్ దగ్గర వాక్యూమ్ బాగుంటే, ఇప్పుడు వాల్వుకి వచ్చే హోస్ చివర గేజ్ పెట్టండి. ఇంజిన్ దగ్గర 19 ఉండి ఇక్కడ 12 ఉందంటే మధ్యలో హోస్ చిరిగిందో, ఎక్కడో నొక్కుకుందో, ఇన్‌టేక్ మీద నిపుల్ (హోస్ తొడిగే చిన్న గొట్టం మూతి) మసితో మూసుకుపోయిందో. డెబ్బై ఎనభై ఏళ్ల నాటి రబ్బరు పైకి బాగానే కనిపిస్తుంది, వంచితే అప్పడంలా విరుగుతుంది. ఒక్కటి మార్చి ఊరుకోకండి, మూడూ మార్చేయండి. మార్చేటప్పుడు పల్చటి ప్లాస్టిక్ ట్యూబు వాడొద్దు, ఇంజిన్ వేడికి మెత్తబడి వాక్యూమ్‌కి లోపలికి కుంగి అతుక్కుపోతుంది. మందపాటి గోడ ఉన్న వాక్యూమ్ హోసే కొనండి. సైజు కోసం నిపుల్‌ని వెర్నియర్‌తో కొలవండి, పాత హోస్ సాగిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని కొలిస్తే తప్పు సైజు వస్తుంది.

కొంచెం లేచి మధ్యలో ఆగిపోతోంది

మమ్మల్ని రెండు ఆదివారాలు తిప్పలు పెట్టింది ఇదే. నాబ్ తిప్పగానే నాలుగైదు అంగుళాలు చకచకా లేస్తుంది, తర్వాత మెల్లబడి ఆగిపోతుంది. నాబ్ వదిలేస్తే ఒక్కోసారి కాస్త వెనక్కి కూడా జారుతుంది.

ఇక్కడ జరిగేది ఏమిటంటే, పై భాగంలోని గాలిని ఇంజిన్ పీల్చేస్తోంది, పిస్టన్ లేస్తోంది, కానీ కింది భాగంలోకి బయటి గాలి రావట్లేదు. కింద ఇరుక్కున్న కొద్ది గాలి పెద్ద జాగాలోకి విస్తరించి పల్చబడుతుంది, దాంతో పిస్టన్‌కి రెండు వైపులా పీడనం సమానమవుతుంది, ఇక తోసేది ఏదీ మిగలదు. ఇంజక్షన్ సిరంజి మొన వేలితో మూసి పిస్టన్ లాగి చూడండి, చేతికే తెలుస్తుంది.

పరీక్ష చాలా తేలిక. యాంటెన్నా దగ్గర కింది హోస్ పీకేసి నిపుల్ తెరిచి ఉంచండి, ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి నాబ్ పైకి తిప్పండి. ఇప్పుడు చివరిదాకా లేచిందా? అయితే యాంటెన్నాలో తప్పు లేదు. పీకిన ఆ హోస్ ఎక్కడైనా మడత పడి ఉండాలి, లేదంటే వాల్వులో బయటి గాలి వచ్చే రంధ్రం మూసుకుపోయి ఉండాలి. దిగేటప్పుడు మధ్యలో ఆగిపోతుంటే ఇదే పరీక్ష పై హోస్ పీకి చేయాలి.

వాల్వు ఊడదీసే ముందు మూడు హోసులకీ గుర్తులు పెట్టుకోండి. లోపల ఆరిపోయిన పాత గ్రీజు, దుమ్ము కలిసి గట్టిపడి ఉంటుంది. కిరసనాయిలులో రాత్రంతా నాననిచ్చి, మెత్తటి బ్రష్షుతో కడిగి, రంధ్రంలోకి సన్నటి రాగి తీగ పోనిచ్చి శుభ్రం చేయండి. డ్రిల్లు మాత్రం పెట్టొద్దు. ఆ రంధ్రం సన్నగా ఉంటేనే మాస్ట్ నింపాదిగా లేస్తుంది, పెద్దది చేస్తే విసురుగా వెళ్లి పై మూతకి గుద్దుకుంటుంది. ఆ మూత చాలా వాటిలో జింకు పోత, వయసు మీద పడి పెళుసుగా ఉంటుంది, పగిలితే దొరకడం కష్టం. వాల్వు లోపల ఒకదాని మీద ఒకటి జారే చదును ముఖాలు ఉంటే వాటి మీద గీతలు చూడండి. గీతలుంటే గాజు పలక మీద బాగా సన్నరకం ఎమరీ పేపరు పరిచి, నూనె చుక్క వేసి, మెల్లగా సున్నాలు చుట్టినట్టు రుద్దితే చదునవుతుంది. తర్వాత సిలికాన్ గ్రీజు పల్చగా, పొరలా రాస్తే చాలు. దట్టంగా రాస్తే అదే మళ్లీ రంధ్రంలోకి పోతుంది.

ఒక వైపు బాగుంది, రెండో వైపు నీరసం

బాగా దిగుతోంది, లేవడానికి మాత్రం మొరాయిస్తోంది అనుకోండి. ఇంజిన్, వాల్వుకి వచ్చే హోస్ బాగున్నట్టే, లేకపోతే దిగడం కూడా నీరసంగానే ఉండేది. లేచేటప్పుడు మాత్రమే వాక్యూమ్ నిలవాల్సిన చోట్లు మూడు: పై హోస్, మాస్ట్ బయటికి వచ్చే చోట ఉండే గ్లాండు సీలు, పిస్టన్ మీద కింది వైపు తిరిగిన తోలు వాషరు. మాస్ట్ బరువు కూడా కిందికే లాగుతుంది కాబట్టి ఏ కాస్త లీకున్నా మొదట లేవడంలోనే బయటపడుతుంది.

తోలు వాషరు ఎటు తిరిగి ఉండాలో ఇక్కడే చెప్పాలి, చాలామంది తిరగేసి పెడతారు. గిన్నెలా ఉండే వాషరు అంచు ఎప్పుడూ గాలి తోసే వైపుకే తెరుచుకుని ఉండాలి, అప్పుడే ఆ గాలి అంచుని గొట్టం గోడకి అదిమి పెడుతుంది. లేచేటప్పుడు గాలి కింద నుంచి తోస్తుంది, కాబట్టి ఒక వాషరు అంచు కిందికి. దిగేటప్పుడు పై నుంచి తోస్తుంది, రెండో దాని అంచు పైకి. రెండూ వీపులు ఆనించుకుని కూర్చుంటాయి. అందుకే ఒక్క వాషరు పాడైతే ఒక వైపే నీరసం వస్తుంది.

గ్లాండా, వాషరా తేల్చడానికి చేతి పంపు తీసుకోండి. మాస్ట్ పూర్తిగా కిందికి దించి, పై నిపుల్‌కి పంపు తగిలించి, మాస్ట్ లేవకుండా ఒకరు గట్టిగా పట్టుకోవాలి. పది అంగుళాల దాకా వాక్యూమ్ లాగండి. ఇప్పుడు కింది నిపుల్ మీద వేలు పెట్టండి. వేలిని లోపలికి పీలుస్తోందంటే గాలి పిస్టన్ దాటి పోతోంది, వాషరు పోయింది. వేలికి ఏమీ తెలియట్లేదు, కానీ గేజ్ ముల్లు పడిపోతోందంటే గ్లాండు గానీ పై మూత అతుకు గానీ లీకు. గ్లాండు చుట్టూ వాసెలిన్ దట్టంగా పూసి మళ్లీ లాగండి, ముల్లు నిలబడితే దొంగ దొరికినట్టే. పంపు పిడి చాలాసార్లు నొక్కాల్సి వస్తుంది, గొట్టం పెద్దది, పంపు చిన్నది, ఓపిక పట్టండి.

బాగా లేచి, దిగడానికి మొరాయిస్తుంటే గ్లాండుతో పని లేదు. కింది హోస్, కింది మూత, పైకి తిరిగిన వాషరు చూడాలి. కింది మూత చాలా వాటిలో టంకంతో అతికించి ఉంటుంది, మంచు ప్రాంతాల్లో లోపల నీళ్లు గడ్డకట్టి ఆ అతుకు పగులుతుంది. మళ్లీ టంకం పెట్టాలంటే ముందు పిస్టన్ బయటికి తీసేయండి, ఆ వేడికి తోలు మాడిపోతుంది.

నాబ్ పైకి తిప్పితే దిగుతోంది, కిందికి తిప్పితే లేస్తోంది అంటే ఎవరో హోసులు తారుమారు చేశారు. మార్చి పెట్టేయండి, అంతే.

రెండు వైపులా నీరసం

వాల్వు దగ్గర వాక్యూమ్ బాగుండి కూడా రెండు వైపులా ఈడుస్తోందంటే ముందు మాస్ట్ ఎంత బిగువుగా ఉందో చూడండి. యాంటెన్నా దగ్గర రెండు హోసులూ పీకేసి, మాస్ట్ కొసకి లగేజీ కాటా తగిలించి నిటారుగా పైకి లాగండి. పిస్టన్ మీద వచ్చే బలమే 1.8 కిలోల లోపు అని చెప్పాను కదా, నా లెక్కలో లాగడానికి అర కిలో దాటకూడదు. కిలో దాటితే మాస్ట్ వంగి ఉండాలి, లేదా గ్లాండు నట్టు ఎవరో మరీ బిగించి ఉండాలి, లేదా మాస్ట్ మీద పాత పాలిష్ గట్టిపడి ఉండాలి. మాస్ట్‌ని పైకి లాగి, మెత్తటి గుడ్డకి కాస్త కిరసనాయిలు అద్ది తుడిచి, ఆ తర్వాత పొడిగుడ్డతో తుడవండి. గ్రీజు రాయొద్దు. దుమ్ము అతుక్కుని, ప్రతిసారీ ఆ దుమ్ము గ్లాండులోకే పోతుంది.

మాస్ట్ హాయిగా కదులుతోంది, అయినా నీరసమే అంటే తోలు వాషర్లు రెండూ ఎండిపోయాయి. మన ఊళ్లలో సైకిల్ పంపు గాలి కొట్టకపోతే ఏం చేసేవాళ్లం? పిడి విప్పి, తోలు వాషరు బయటికి తీసి, నూనె పట్టించి, అంచు వేళ్లతో వెడల్పు చేసి మళ్లీ పెట్టేవాళ్లం. ఇక్కడా సరిగ్గా అదే వైద్యం. తోలు చిరగకుండా గట్టిపడి మాత్రమే ఉంటే ఆముదంలో రాత్రంతా నానబెట్టండి, ఉదయానికి మెత్తబడుతుంది. ఇక్కడి వాళ్లు పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసిన నూనె వాడతారు, అదీ మంచిదే. ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు, పక్కనున్న రబ్బరు సీళ్లని ఉబ్బిస్తుంది. నూనె వేడి చేయాలనిపిస్తే గోరువెచ్చన దాటనివ్వకండి, కాగిన నూనెలో తోలు ముడుచుకుపోతుంది. చిరిగిపోతే కొత్తవి కత్తిరించుకోవచ్చు, పల్చటి గట్టి తోలు ముక్కని నీళ్లలో నానబెట్టి, గొట్టం లోపలి సైజుకి సరిపడే చెక్క అచ్చులో నొక్కి ఆరనిస్తే గిన్నె ఆకారం వస్తుంది, తర్వాత ఆముదం పట్టించాలి. మా క్యాడిలాక్‌లో ఉన్నవి అలా చేసినవే.

మళ్లీ బిగించే ముందు గొట్టం లోపల టార్చి వేసి చూడండి. పచ్చటి చిలుము ఉంటే పొడవాటి కర్రకి గుడ్డ చుట్టి, ఇత్తడి పాలిష్ రాసి తోమండి. గరుకుగా వదిలేస్తే కొత్త తోలు ఎక్కువ కాలం ఉండదు.

లేచాక మెల్లగా దిగిపోతోంది

నాబ్ వదిలేశాక మాస్ట్‌ని పైన పట్టి ఉంచేది రాపిడి, వాల్వు మూసి ఉంచిన గాలి మాత్రమే. గతుకుల్లో ఒకటి రెండు అంగుళాలు దిగితే పట్టించుకోను. పూర్తిగా కూర్చుండిపోతుంటే ఒక హోస్ యాంటెన్నా దగ్గర పీకి నిపుల్‌ని రబ్బరు బిరడాతో మూసేయండి, అప్పుడు నిలబడితే వాల్వు మూసుకోవట్లేదు, పైన చెప్పినట్టు దాని ముఖాలు రుద్దాలి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే దిగుతుంటే, వాల్వుకి వచ్చే హోస్‌లో ఒక వైపే గాలి పోనిచ్చే చిన్న చెక్ వాల్వు పెడితే సరిపోతుంది.

నాబ్ తిప్పితే ఇంజిన్ వణుకుతోంది

మాస్ట్ కదులుతున్నంతసేపు ఐడిల్ కాస్త మారడం సహజం, ఎందుకంటే గొట్టంలోని గాలి ఇంజిన్‌లోకి పోతోంది. మాస్ట్ చివరికి చేరాక కూడా నాబ్ పట్టుకున్నంతసేపు వణుకుతూనే ఉంటే ఎక్కడో లీకుంది. నాబ్ ముట్టుకోకపోయినా వణుకుతుంటే వాల్వుకి వచ్చే హోస్‌ని ఇంజిన్ దగ్గర వేళ్లతో నొక్కి పట్టండి. ఐడిల్ నున్నగా అయితే లీకు హోస్ లేదా వాల్వులో. మారకపోతే యాంటెన్నాకి సంబంధం లేదు. దీన్ని నెలల తరబడి వదిలేయకండి, ఐడిల్‌లో పెట్రోలుకి మించి గాలి పోతుంటే ఇంజిన్‌కి మంచిది కాదు. లీకు వెతకడానికి వేడి ఇంజిన్ మీద మండే స్ప్రేలు కొట్టొద్దు, సబ్బు నీళ్లు చాలు, లేదంటే ఒక రబ్బరు ట్యూబు చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసని ఫ్యానుకి దూరంగా హోసుల వెంట తిప్పండి, బుస్సుమనే చోటు తెలిసిపోతుంది.

హోసుల్లో నీళ్లు, ఆయిల్

నీళ్లు వచ్చాయంటే గ్లాండు గుండా వాన నీళ్లు దిగాయి. గ్లాండు మార్చండి, గొట్టం ఆరబెట్టండి, చలికాలం రాకముందే.

ఆయిల్ కనిపిస్తే విషయం వేరు. ఆ కాలం కార్లలో చాలా వాటికి పెట్రోలు పంపుతోనే కలిసి ఒక వాక్యూమ్ పంపు ఉంటుంది, ఎత్తు మీద వైపర్లు ఆగకుండా. దాని డయాఫ్రమ్ (లోపల ఆడే పల్చటి పొర) చిరిగితే ఇంజిన్ అడుగునున్న ఆయిల్‌ని ఇన్‌టేక్ పీల్చుకుంటుంది, పొగ గొట్టం నుంచి నీలం పొగ వస్తుంది. పిస్టన్ రింగులు అరిగాయని ఇంజిన్ మొత్తం విప్పించే ముందు ఆ పంపు హోస్ పీకి, లోపల తడిగా ఉందేమో వేలు పెట్టి చూడండి.

యాంటెన్నా లేచింది, రేడియో పలకట్లేదు

ముందు రేడియోని వేరు చేసి చూడండి. యాంటెన్నా లీడు (యాంటెన్నా నుంచి రేడియోకి వచ్చే తీగ) పీకి, ఆ సాకెట్ మధ్య పిన్నుకి నాలుగైదు అడుగుల వైరు తగిలించి కిటికీలోంచి బయట వేలాడదీయండి. ఇవి ఏఎం రేడియోలు, మా దగ్గర 760 మీద డెట్రాయిట్ డబ్ల్యూజేఆర్ స్టేషన్ 50,000 వాట్లతో వస్తుంది, ఆ వైరుతో అది కూడా వినిపించకపోతే తేడా రేడియోలోనే ఉంది. వినిపిస్తే మల్టీమీటరు తీయండి. లీడు మధ్య తీగకీ మాస్ట్‌కీ మధ్య దాదాపు సున్నా ఓములు చూపించాలి, మాస్ట్‌ని అటూ ఇటూ కదిపినా మారకూడదు. మధ్య తీగకీ కారు బాడీకీ మధ్య అసలు కలవకూడదు. కలుస్తుంటే మడ్‌గార్డు దగ్గరి ఇన్సులేటరు రబ్బరు తడిసిందో, చిట్లిందో. లీడు చుట్టూ తొడుగులా ఉండే లోహపు షీల్డు మాత్రం బాడీకి గట్టిగా తగలాలి, మడ్‌గార్డు అడుగున రంగు గీకి లోహానికే బిగించండి, లేకపోతే ఇంజిన్ స్పార్కుల చప్పుడు రేడియోలో గరగరమంటుంది.

అన్నీ బాగున్నా శబ్దం సన్నగా వస్తుంటే రేడియో మీద యాంటెన్నా లీడు దగ్గర చిన్న ట్రిమ్మర్ స్క్రూ కోసం చూడండి. మాస్ట్ పూర్తిగా లేపి, 1400 కిలోహెర్ట్జ్ దగ్గర బలహీనంగా వచ్చే స్టేషన్ ఒకటి పట్టి, చిన్న స్క్రూడ్రైవరుతో శబ్దం అన్నిటికన్నా ఎక్కువ వచ్చేదాకా తిప్పండి. యాంటెన్నా గానీ లీడు గానీ మార్చిన ప్రతిసారీ ఈ పని మళ్లీ చేయాలి.